లాగుడు పాటకు నేను చేసిన సవరణ

దేవుడి పేరు కనపడితే కలం తీసి కొట్టేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. అయితే ఒకసారి నా కొట్టివేత వల్ల ఒక మనిషి కూర్చునే చోటు పోబోయింది. ఆ సంగతి రాయకుండా దాటేస్తే ఇన్నేళ్ళు నేను చేసిన వాదనలన్నిటికీ నీతి లేనట్టే.

బందరులో మా నాన్న హెడ్మాస్టరు. ఆదివారం పొద్దున్నే మా వరండాలో చర్చ జరిగేది. శకునాల మీద, జాతకాల మీద, కులం మీద, అంటు మీద. ఒక పక్కన నలుగురు, ఇంకో పక్కన నలుగురు, మధ్యలో నాన్న చేతి గడియారం. పదేళ్ళ వయసుకే అవతలి పక్షం వాక్యంలో ఎక్కడ వేలు పెట్టి లాగితే మొత్తం ఊడొస్తుందో నాకు తెలిసిపోయింది. ఎదుటి మనిషి మాట ఆగిపోయిన క్షణమే గెలుపని నేర్చుకున్నాను. అతను ఎందుకు ఆగాడో అడగాలని మాత్రం మా వరండాలో ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు గుడివాడలో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతాను, తీరిక దొరికితే వ్యాసాలు రాస్తాను. మోపిదేవిలో సంతానం కోసం, సర్పదోషం పోవడం కోసం జనం చేసే మొక్కుల మీద నేను రాసిన కరపత్రం కొంతకాలం చేతులు మారింది. దాన్ని చదివి తిట్టిన వాళ్ళూ ఉన్నారు, దాచుకున్న వాళ్ళూ ఉన్నారు. దాచుకున్న వాళ్ళలో ఒకడు నా పాత విద్యార్థి. ఇంట్లో కూర్చుని కంపెనీ పని చేసుకుంటూ, మిగిలిన టైమంతా గిటార్ వాయిస్తాడు. ఒక సాయంత్రం కాలేజీ గేటు దగ్గర ఆపి అడిగాడు.

"మేడమ్, మేమొక బ్యాండు పెట్టాం. రెగే వాయిస్తాం. మాకు తెలుగులో పాటలు రాసిపెట్టేవాళ్ళు లేరు."

రెగే అంటే జమైకా పేదపేటల్లో పుట్టిన సంగీతమని అప్పటికి నాకు అంతవరకే తెలుసు. వాడిచ్చిన పాటలు వారం రోజులు విన్నాను. కోపం ఉంది, తొందర లేదు. నాకు కోపమూ ఎక్కువే, తొందర అంతకంటే ఎక్కువ. బహుశా అందుకే నచ్చింది. సరేనన్నాను.

బ్యాండులో ముగ్గురే. మా గిటార్ కుర్రాడు పాడతాడు కూడా. బేస్ గిటార్ వాయించే ఆయనకు బందరులో ఫోటో స్టూడియో ఉంది. నెమ్మదస్తుడు, పెళ్ళిళ్ళలో అందరినీ నవ్వమని చెప్పి చెప్పి తాను నవ్వడం మానేసిన మనిషి. మూడోవాడు డ్రమ్మరు. నాగాయలంక అవతల సముద్రం దగ్గరి ఊరు, వేటకు వెళ్ళే కుటుంబం. పెళ్ళిళ్ళ రోజుల్లో బ్యాండుమేళంలో కొట్టేవాడు, మిగతా రోజుల్లో పడవ ఎక్కేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అనే పిలిచాడు.

గుడివాడలో మూతపడిన ఒక బియ్యం మిల్లు గోడౌనులో సాధన చేసేవాళ్ళు. రెగేలో డ్రమ్ముల పని విచిత్రంగా ఉంటుంది. మన పాటలన్నీ మొదటి దెబ్బ మీద నిలబడతాయి. అక్కడ మొదటి దెబ్బ ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది, బరువంతా తర్వాత పడుతుంది. గిటార్ కుర్రాడు లాప్‌టాప్‌లో ఈ లెక్క చూపించి గంటసేపు వివరించబోతే డ్రమ్మరు మధ్యలోనే కర్రలు తీసుకున్నాడు.

"ఇందులో చెప్పేదేముంది తమ్ముడూ? ఇది మా అలివి లాగుడే గదా" అని కొట్టి చూపించాడు.

అలివి వలంటే తీరం మీద నిలబడి రెండు వైపులా తాళ్ళు పట్టుకుని లాగే పెద్ద వల. అటు పదిహేను మంది, ఇటు పదిహేను మంది ఉంటారు. ఒకడు తాడు ముట్టుకోకుండా పక్కన నిలబడి పిలుస్తాడు. మిగతా వాళ్ళు 'హైలెస్సా' అంటూ లాగుతారు. వాళ్ళ ఊళ్ళో పిలిచేది ఇతని మేనమామ. పిలుపు 'గంగమ్మ తల్లీ' అని మొదలవుతుంది. పిలుస్తున్నంతసేపూ ఎవరూ కదలరు, అది అయ్యాక అందరూ ఒక్కసారి లాగుతారు. ఆ ఖాళీ, ఆ బరువు రెగేలో ఉన్నట్టే ఉన్నాయి. ఆ రోజే నిర్ణయించుకున్నాం, మా బ్యాండుకు పేరు తెచ్చే పాట ఈ లాగుడు పాటే అవుతుందని.

చరణాలు నేను రాశాను. రొయ్యల చెరువులు మింగిన పొలాల గురించి, కాలవ చివరి ఊరికి అందని నీళ్ళ గురించి, తాడు లాగే చేతికి చేప దక్కకపోవడం గురించి. బాగా వచ్చాయని ఇప్పటికీ అంటాను. పిలుపు దగ్గరికి వచ్చేసరికి నా కలం ఆగింది. ఇన్ని అన్యాయాలు లెక్కబెట్టి, చివరికి 'గంగమ్మ తల్లీ' అని మొరపెట్టుకోవడమా? కొట్టేశాను. 'మన చేతులే' అని రాశాను. మన చేతులే, హైలెస్సా. మన చేతులే, హైలెస్సా. అంతకంటే సూటిగా ఎవరు రాయగలరని నా మీద నాకే ముచ్చటేసింది.

డ్రమ్మరు కాగితం చూసి తల గోక్కున్నాడు.

"అక్కా, అన్నీ బాగున్నయ్యి. ఆ పిలుపు మాత్రం మార్చొద్దు."

"ఎందుకు మార్చొద్దు?"

"ఎందుకంటే ఏం చెప్తాను? అది అట్టాగే ఉండాలి."

"అట్టాగే ఉండాలనేది సమాధానం కాదు. ఉప్పెన వచ్చిన రోజు ఆ తల్లి ఏ ఒడ్డున ఉంది? మీ నాయనమ్మ చెప్పిందంటావుగా, ఇంట్లో ఎంతమంది పోయారో. తాడు లాగింది మీరా, ఆమా?"

"మేమే."

"మరి పేరెవరిది ఉండాలి?"

అతను కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీ ఇష్టం అక్కా" అన్నాడు. గెలిచానని నేను ఇంటికి వెళ్ళిపోయాను.

సాధనలో పాట నున్నగా నడిచింది. గిటార్ కుర్రాడు లాప్‌టాప్ నుంచి డ్రమ్మరు చెవిలోకి ఒక టిక్కు పెట్టేవాడు, గడియారం కొట్టుకున్నట్టు. దాన్ని పట్టుకుని అతను వాయించేవాడు. పాట రికార్డు చేసి నెట్‌లో పెట్టాం. కొన్ని నెలలకు మారిషస్ నుంచి పిలుపు వచ్చింది. తరాల కిందట చెరకు తోటల పనికి మన తీరం నుంచి వెళ్ళిన తెలుగు వాళ్ళ సంతతి అక్కడ ఉంది. వాళ్ళలో ఒక పెద్దాయన ఈ లాగుడు పాట విని, మూడు కచేరీలు ఏర్పాటు చేస్తాను రమ్మన్నాడు. మొదటిది పోర్ట్ లూయీలో, రెండోది మహెబూర్‌లో, మూడోది అన్నిటికంటే పెద్దది, సముద్రపు ఒడ్డున జరిగే ఉత్సవంలో.

మాలో ఎవరికీ పాస్‌పోర్టు లేదు. డ్రమ్మరు ఊళ్ళో అతని ఇంటికి పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబులు, తోడుగా వెళ్ళిన నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"ఏ పని మీద వెళ్తున్నారమ్మా?"

"రెగే కచేరీకండీ."

"అంటే డీజేనా?"

"కాదండీ."

"మరి రికార్డింగ్ డ్యాన్సా?"

"పాటలండీ."

"పాటలకు పరాయి దేశమెందుకండీ, ఇక్కడ వినేవాళ్ళు లేకనా?" అని సంతకం పెట్టించుకుని, టీ తాగి వెళ్ళాడు. ఇక్కడ వినేవాళ్ళు లేరన్నది చాలావరకు నిజమే కాబట్టి నేను వాదించలేదు.

డ్రమ్మరుకు మాత్రం బయల్దేరడం తేలిక కాలేదు. వేట సీజను మొదలయ్యే రోజులు. పడవ మీద అతని చోటు ఇంకొకడికి వెళ్ళిపోయింది. "డప్పులు కొట్టుకునేవాడికి పడవెందుకురా" అని మేనమామ నలుగురిలో అన్నాడట. వెనక్కి వస్తే చోటు ఉండదని తెలిసే వచ్చాడు. బ్యాండు తన పని అని చెప్పుకోవడానికి అతనికి ఈ మూడు కచేరీలే ఆధారం.

మొదటి కచేరీలో ఐదు పాటలు హాయిగా సాగాయి. లాప్‌టాప్ మాత్రం కచేరీకి ముందే చచ్చిపోయింది. అక్కడి గోడల్లోని ప్లగ్గులకు మా పిన్నులు పట్టక దాన్ని చార్జింగు పెట్టలేకపోయాం. "అలవాటైపోయిందిలే, టిక్కు అక్కర్లేదు" అన్నాడు గిటార్ కుర్రాడు. నిజంగానే ఐదు పాటలకూ అక్కర్లేకపోయింది. ఆరోది లాగుడు పాట. ముందు వరసలో అందరూ దానికోసమే లేచి నిలబడ్డారు.

మొదటి చరణం సరిగ్గా వెళ్ళింది. రెండో చరణంలో దరువు కొంచెం ముందుకు జరిగింది. మూడో చరణానికి 'మన చేతులే' అంటుండగానే దెబ్బ పడిపోతోంది. ఖాళీ ఉండాల్సిన చోట ఖాళీ లేదు. బేస్ ఆయన డ్రమ్మరు వైపు కళ్ళతో సైగ చేస్తున్నాడు, గిటార్ కుర్రాడు కాలితో నేలను తన్ని ఆపాలని చూస్తున్నాడు. నాలుగో చరణానికి పాట గుర్రంలా పరిగెత్తింది. ఊగుతున్న జనం ఊగడం మానేశారు, మర్యాదకు చప్పట్లు కొట్టారు. డ్రమ్మరు ముఖం చూశాను. తన చేతులు తన మాట వినని మనిషి ముఖం అది.

మర్నాడు పొద్దున పెద్దాయన మాకు బస ఇచ్చిన ఇంటికి వచ్చాడు. ఆయనది భజన పుస్తకాల్లోంచి నేర్చుకున్న తెలుగు. పెరట్లో కూర్చుని పప్పు గారెల్లాంటివి తింటున్నాం. ఆయన చాలా మర్యాదగానే మొదలుపెట్టాడు.

"మీ వాద్యకారుడు అలసినట్టున్నాడు. రేపటి కచేరీకి మా ఊరి డ్రమ్మరు ఉన్నాడు, మంచివాడు. అతణ్ణి కూర్చోబెట్టెదము. ఉత్సవానికి కూడా అతడే యుండిన మేలు. అక్కడ చాలా జనులు వచ్చెదరు."

గిటార్ కుర్రాడు ప్లేటులోకి చూస్తూ, "రెండు షోలకేగా మేడమ్. అన్న రెస్ట్ తీసుకుంటాడు" అన్నాడు.

"మీ ఇష్టమండీ" అన్నాడు డ్రమ్మరు.

ఆ మాట అంతకుముందు ఒకసారి నేను విన్నాను. అప్పుడది ఓటమి అనుకున్నాను. ఈసారి నాకు అనుమానమొచ్చింది. సాయంత్రంలోగా చెబుతామని పెద్దాయనను పంపించి, డ్రమ్మరును పెరట్లోనే ఆపాను.

"నిన్న ఏమైంది?"

"ఏం కాలేదక్కా."

"ఏం కాకపోతే పాట ఎందుకు పరిగెత్తింది? చెప్పు. ఈసారి నేను వాదించను."

అతను నా ముఖం వైపు నమ్మకం లేనట్టు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నువ్వు చేతులన్నావు. చేతులు కదిలినయ్యి. అంతే."

నాకు అర్థం కాలేదు. అతను లేచి, స్పీకర్లకు వాడే పొడవాటి కేబులు తెచ్చి నేల మీద పరిచాడు. ఒక కొస తాను పట్టుకున్నాడు. ఇంకో కొస నన్ను, నా వెనక గిటార్ కుర్రాణ్ణి, అతని వెనక బేస్ ఆయన్ని పట్టుకోమన్నాడు.

"నేను సముద్రాన్ని. మీరు ఒడ్డు. నేను లాక్కుంటుంటా. అక్కా, నీ పిలుపు పిలు."

"మన చేతులే" అన్నాను. ఆ మాట నా నోట్లో ఉండగానే వెనక కుర్రాడు లాగాడు, బేస్ ఆయన లాగలేదు, నా అరచేతుల్లోంచి కేబులు సర్రున జారింది. చర్మం మండింది.

"చూశావా. మా దగ్గరైతే తాడుకి ఉప్పు, ఇసుక. ఒకడు ముందు లాగితే ముందున్నవాడి చెయ్యి కోసుకుపోద్ది. ఇప్పుడు మళ్ళీ పట్టుకోండి. ఈసారి నేను పిలుస్తా. పేరు వినపడినంతసేపూ ఎవ్వరూ కదలొద్దు. ఆ పేరు మీద కదిలితే తప్పు."

"ఎవరు చెప్పారు తప్పని?"

"అక్కా, వాదించనన్నావు."

బేస్ ఆయన నవ్వాడు. ఆ ప్రయాణంలో మేం చూసిన మొదటి నవ్వు అది.

అతను పిలిచాడు. 'గంగమ్మ తల్లీ' అనేది పొడవుగా, చివర సాగదీసి. ఆ పొడవులో నా మడమలు నేలలో కుదురుకున్నాయి, వెనకవాడి ఊపిరి లోపలికి వెళ్ళడం వినపడింది, కేబులు బిగిసి నిలబడింది. పేరు ఆగింది. ముగ్గురం ఒకేసారి లాగాం. సముద్రం రెండడుగులు మావైపు వచ్చింది.

నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. చేతులు ఆగి ఉండాల్సిన చోట, వేలు చూపించి మరీ, చేతులని అరిచాను. ఆ పేరు ప్రార్థన కాదు, కాపలా. తాడు మీద ఉన్న ముప్పై మందినీ ఒకేచోట నిలబెట్టే కాపలా. అమ్మవారి పేరు కాబట్టి ఎవడూ తొందరపడడు. భయమో భక్తో, ఏదైతేనేం, అరచేతులు దక్కుతున్నాయి. టిక్కు చెవిలో ఉన్నన్నాళ్ళూ అతను టిక్కును విన్నాడు. టిక్కు పోగానే మాటను విన్నాడు, చిన్నప్పటి నుంచి తాడు మీద పెరిగిన చేతులు మాట ప్రకారం నడిచాయి. ఆ సంగతి గోడౌనులో చెప్పమంటే అతను చెప్పలేకపోయాడు. నేను చెప్పనివ్వలేదు కూడా.

లాప్‌టాప్‌కు పిన్ను వెతుక్కోవచ్చు, కానీ అది మళ్ళీ ఎక్కడ చస్తుందో నమ్మకం లేదు. అలాగని నేను అంత తేలిగ్గా లొంగే రకం కాదు. పొడవే కావాలంటే వేరే పొడుగు మాట పెట్టుకోవచ్చు కదా. నాలుగు మాటలు రాశాను. 'కృష్ణమ్మ ఒడ్డున', 'ఓ తీరమా', ఇంకో రెండు. ఒక్కొక్కటీ వాయించి ఫోన్లో రికార్డు చేశాం. రెండు చరణాలు నిలబడి, మూడో చరణంలో జారిపోయేవి. పేరుతో వాయించినప్పుడు ఐదు చరణాలూ మేకు కొట్టినట్టు నిలబడ్డాయి. రెండుసార్లు పరీక్షించినా అంతే. ఇందులో మహిమ ఏమీ లేదు, తరాల అలవాటు ఉంది, అది నాలుగు గంటల్లో మారదు. రుజువు కళ్ళముందు ఉంటే కూడా మొండికేసే వాళ్ళ మీదే నేను ఇన్నాళ్ళూ వ్యాసాలు రాశాను. వాళ్ళ పక్కన వెళ్ళి కూర్చోదలుచుకోలేదు.

పెద్దాయనకు నేనే ఫోన్ చేశాను. "తప్పు డ్రమ్మరుది కాదండీ, నాది. నేను రాసిన మాట తప్పు. రేపు అతనే వాయిస్తాడు. రేపు కూడా పాట పరిగెత్తితే ఉత్సవానికి మీ మనిషిని పెట్టుకోండి, ఆ విషయం నేనే అతనికి చెబుతాను."

ఫోన్ పక్కన గిటార్ కుర్రాడు నిలబడి ఉన్నాడు. వాడికి చదువు చెప్పినప్పటి నుంచి నా నోట 'తప్పు నాది' అన్న మాట వాడు వినలేదు.

"ఇంకోటుందక్కా" అన్నాడు డ్రమ్మరు. "పిలిచేవాడు తాడు ముట్టుకోకూడదు. తమ్ముడు గిటార్ పట్టుకుని పిలిస్తే కుదరదు. ఏమీ పట్టుకోని మనిషి కావాలి."

మా నలుగురిలో వాయిద్యం లేనిది నేనొక్కదాన్నే.

"నేనా? గంగమ్మనా?"

"నమ్మమని ఎవరన్నారు? మా మావయ్య నమ్ముతాడనుకున్నావా? సాయంత్రం రెండు పడితే ఆమెనే తిడతాడు, చేపలియ్యలేదని. పిలుపు మాత్రం తప్పడు."

"రేపు ఈ వీడియో గుడివాడ చేరితే నన్నెవరూ బతకనివ్వరు."

"మోపిదేవిలో బోర్డు పెడతారు మేడమ్ గారూ" అన్నాడు బేస్ ఆయన. "కరపత్రం రాసినావిడ మొక్కు తీర్చుకుందని."

మహెబూర్‌లో కచేరీ సాయంత్రం ఎండ ఉండగానే, సముద్రం కనపడే మైదానంలో. పెద్దాయన తమ ఊరి డ్రమ్మరును వెంటబెట్టుకుని వచ్చి స్టేజీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కుర్చీ ఎందుకో మా నలుగురికీ తెలుసు. లాగుడు పాట ముందు డ్రమ్మరు నన్ను పిలిచి చెవిలో చెప్పాడు.

"మా కాళ్ళు చూడు. ముగ్గురం కుదురుకున్నాకే పిలు. జనం చూస్తున్నారని తొందరపడొద్దు."

మైకు ముందు నిలబడ్డాను. జీవితంలో వందల వేదికలు ఎక్కాను, మాట్లాడకుండా ఒక్క వేదిక మీదా నిలబడలేదు. ముగ్గురి కాళ్ళ వైపు చూశాను. కుర్రాడి మడమ ఇంకా ఆడుతోంది. ఆగాను. ఆగింది. అప్పుడు పిలిచాను. నా గొంతు పాటకు పనికొచ్చేది కాదు, బల్ల గుద్ది మాట్లాడే గొంతు. కానీ పొడవుగా సాగింది, చివరిదాకా నిలిచింది. నేను ఆపాక ఒక ఖాళీ వచ్చింది, దాని వెనక అతని దెబ్బ పడింది, స్టేజీ చెక్కల అదురు అరికాళ్ళకు తగిలింది. రెండో పిలుపుకు ముందు వరస వాళ్ళు కూడా కదలకుండా ఆగారు. ఎవరూ నేర్పకుండానే. మూడోదానికి మైదానమంతా 'హైలెస్సా' అంది. తెలుగు రాని క్రియోల్ ఆడవాళ్ళు కొంగులు లేని చోట లంగా అంచులు పట్టుకుని ఊగారు. పొలాలు, కాలవ, చేప దక్కని చెయ్యి, నా చరణాలన్నీ ఉన్నాయి. వాటికి నిలబడడానికి నేల దొరికింది.

నేను నాస్తికురాలిగానే స్టేజీ ఎక్కాను, అలాగే దిగాను. మారింది నా నమ్మకం కాదు, నా చర్చా పద్ధతి. ఎదుటి మనిషి 'అట్టాగే ఉండాలి' అన్నప్పుడు అది సమాధానం కాదని ఇప్పటికీ అంటాను. ఆ తర్వాత, చేతిలో పెట్టి చూపించమని అడుగుతాను.

పాటలయ్యాక పెద్దాయన స్టేజీ మీదికి వచ్చి డ్రమ్మరు చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఉత్సవానికి మీరే యుండవలెను" అన్నాడు. కుర్చీలో కూర్చున్న వాళ్ళ ఊరి డ్రమ్మరు కూడా లేచి వచ్చాడు, ఆ ఖాళీని ఎలా పట్టుకున్నావో చూపించమని సైగలతో అడిగాడు. మావాడు కేబులు తెచ్చి ఒక కొస అతని చేతికిచ్చాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అక్కా, నాలుగో చరణంలో తొందరపడ్డావు. బేస్ ఆయన కాలింకా కుదరలేదు."

"పడలేదు."

"పడ్డావు. ఫోన్లో ఉంది, చూసుకో."

చూశాను. పడ్డాను. ఉత్సవానికి ఇంకా రెండు రోజులున్నాయి. అతను ఇటు రమ్మని, నన్ను మిగిలిన ఎండలో నిలబెట్టి, మొదటి నుంచి పిలవమన్నాడు.